డైనమిక్ రేంజ్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ రేడియో (రేడియో పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్రోగ్రామే చేసేది) గురించి ఇంజినీరింగ్ పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. గెయిన్‌కి (సిగ్నల్‌ని రిసీవర్ ఎంత పెంచుతుందో ఆ లెక్క) ‘లాభం’ అనీ, డైనమిక్ రేంజ్‌కి ‘గతిక పరిధి’ అనీ పెట్టాను. సరిపోతాయాండీ?

జవాబు: రెండూ వద్దండీ. లాభం అనగానే ఎంత వస్తే అంత మంచిదేగా అనిపిస్తుంది. రిసీవర్‌లో గెయిన్ పెంచితే కావలసిన సిగ్నలూ పెరుగుతుంది, దాంతోపాటు వచ్చే హోరూ పెరుగుతుంది. ఇక ‘గతిక’ అంటే పిల్లలకు కదలిక గుర్తొస్తుంది. ఇక్కడ కదిలేదేముంది?

వాడుకలోనే చక్కటి మాటలున్నాయి. స్టేషన్ దొరకని రేడియోలో ఎడతెగకుండా వినిపించేది హోరు. (మిక్సీ వేసినప్పుడు రేడియోలో వచ్చే గరగర వేరు, ఆ రెండిటినీ కలపకండి.) పెళ్లి పందిట్లో మైక్‌సెట్ గట్టిగా పెడితే ‘సౌండు పగులుతోంది, తగ్గించు’ అంటాం. క్లిప్పింగ్ అంటే అచ్చంగా అదే, తరంగం కొసలు తెగిపోవడం. హోరులో మునగని అతి చిన్న సిగ్నల్ నుంచి, పగలని అతి పెద్ద సిగ్నల్ దాకా ఒకేసారి పట్టగలిగే మేర డైనమిక్ రేంజ్. నేనైతే ‘పట్టు మేర’ అంటాను.

సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్‌లో ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్, పైన మరో 2 లెక్కన, 8 బిట్ల ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌కి (కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రిసీవర్) ఈ మేర దాదాపు 50. 12 బిట్లుంటే దాదాపు 74. గెయిన్ తిప్పినంత మాత్రాన అది పెరగదు, ఉన్న మేరే పెద్ద సిగ్నళ్ల వైపో చిన్న సిగ్నళ్ల వైపో జరుగుతుంది. పాఠంలో ఈ ముక్క తప్పకుండా రాయండి, పిల్లలు తడబడేది ఇక్కడే.

మరో సభ్యురాలు: ‘పట్టు మేర’ బాగుందండీ. కానీ పగలడం ఎప్పుడూ చెవికి తెలియదు. హైదరాబాద్‌లో 101.9 రెయిన్‌బో, 102.8 వివిధ భారతి రెండూ గట్టిగా వస్తాయి. గెయిన్ ఎక్కువైతే ఆ రెండూ లోపల కలిసి 101.0 దగ్గర, 103.7 దగ్గర లేని స్టేషన్లు పుట్టిస్తాయి. వీటిని మేం ‘దొంగ స్టేషన్లు’ అంటాం. గెయిన్ 10 డెసిబెల్స్ తగ్గించి చూడండి. అసలు స్టేషన్ 10 తగ్గితే, దొంగది సుమారు 30 తగ్గుతుంది. పాఠంలో ఈ పరీక్ష పెడితే పిల్లలు తెర మీద తామే పట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: అయితే నాయిస్ ఫ్లోర్‌కి (తెర మీద హోరు నిలిచే ఎత్తు) ‘హోరు మట్టం’ అనొచ్చా? గెయిన్‌ని ఎక్కడ ఆపాలో ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి?

జవాబు: హోరు మట్టం భేషుగ్గా ఉంది, గెయిన్‌ని మాత్రం గెయిన్‌గానే ఉంచేయండి. వాక్యం ఇలా రాయొచ్చు: ‘ఆటోమేటిక్ గెయిన్ తీసేసి, యాంటెన్నా తగిలించి, గెయిన్‌ని కింది నుంచి మెల్లగా పెంచండి, సిగ్నల్ ఎంత లేస్తే హోరు మట్టమూ అంతే లేవడం మొదలవగానే ఆపండి, అంతకుముందే దొంగ స్టేషన్లు కనిపిస్తే ఒక మెట్టు దిగండి.’