షిట్జూ కుక్కపిల్ల రాత్రంతా ఏడుపు, క్రేట్‌లో (పడుకోబెట్టే తీగల పెట్టెలో) ఉండనంటోంది. ఏం చేయమంటారు?

లడ్డు వాళ్ళమ్మ

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. పోయిన వారం షిట్జూ పిల్లను తెచ్చుకున్నాం. మగది, రెండున్నర నెలలు. పగలంతా బంగారం. రాత్రి లైట్లు ఆర్పి క్రేట్ తలుపు వేస్తే మాత్రం మొదలు. ముందు కుంయ్ కుంయ్ అంటాడు, కాసేపటికి ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. క్రేట్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది, మేం బెడ్‌రూమ్‌లో పడుకుంటాం. "ఏడవనీయండి, అదే అలవాటవుతుంది" అన్నాడు అమ్మినాయన. కింది ఫ్లాట్ ఆంటీ లిఫ్ట్‌లో కనబడి "మీ ఇంట్లో ఎవరైనా పురిటికొచ్చారా అమ్మా?" అని అడిగారు! మా అత్తయ్యగారేమో "పసికందును జైల్లో పెట్టారు, ఉసురు తగులుతుంది" అంటూ అర్ధరాత్రి లేచి, వాణ్ణి తీసి సోఫా మీద పడుకోబెట్టుకుంటున్నారు. తెల్లారేసరికి సోఫా కింద మడుగు. క్రేట్ 36 అంగుళాలది, పెద్దయ్యాక కూడా పనికొస్తుందని తీసుకున్నాం. అసలు ఈ క్రేట్ అవసరమా?

బెజవాడ తాతయ్య

అమ్మా, క్రేట్ అవసరమే. అది ఉన్న చోటే తప్పు. ఈ రాత్రే దాన్ని తీసుకెళ్ళి మీ మంచం పక్కన, మీ చెయ్యి అందేంత దగ్గర్లో పెట్టండి. పోయిన వారం దాకా అన్నదమ్ముల మధ్య, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయిన ప్రాణి అది. చీకటి హాల్లో ఒంటరిగా పెడితే ఏడవక ఏం చేస్తుంది? ఏడ్చినప్పుడు చువ్వల మీద వేళ్ళు ఆనించండి చాలు. వాసన చూసి, నాకి, పడుకుంటాడు. మాటలు వద్దు, ముద్దులు అసలే వద్దు. కొన్నాళ్ళు హాయిగా నిద్రపోతున్నాడు అనిపించాక రోజుకో అడుగు గుమ్మం వైపు జరుపుకుంటూ పోవచ్చు. మా చిట్టి (పొమేరియన్) క్రేట్ అలాగే హాల్లోకి చేరింది. జరిపిన సంగతి దానికి తెలిసిందో లేదో కూడా నాకు అనుమానమే.

ఏడుపుల్లో తేడా పట్టుకోండి. పెట్టగానే చేసేది గొణుగుడు, దానికి కాస్త ఓర్చుకోవాలి. మంచి నిద్రలోంచి లేచి ఏడిస్తే అది ఉచ్చకే. ఎన్ని నెలల పిల్లో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. చిన్న జాతుల్లో ఆ లెక్కను కూడా నమ్మను, మీవాడికి మూడు గంటలు దాటనివ్వకండి. వాడు లేపేలోపే మీరే అలారం పెట్టుకుని లేవండి. పెద్ద లైటు వేయకుండా ఎత్తుకుని ప్యాడ్ (ఉచ్చ పీల్చుకునే పరుపుగుడ్డ) మీద దింపి, పని కాగానే మళ్ళీ లోపలికి. అక్కడ ఆట మొదలెట్టారంటే రేపటి నుంచి ఆ వేళకి ఆటకే లేస్తాడు.

36 అంగుళాలది మీవాడికి మరీ పెద్దది. షిట్జూకి 24 అంగుళాలది బోలెడు. గది అంత పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటాడు. అలాగని కొత్తది కొనకండి. తీగల క్రేట్ అయితే మధ్యలో పెట్టే అడ్డు జాలీ చాలావాటికి దాంతోనే వస్తుంది, అట్టపెట్టెలో వెతకండి. లేకపోతే చెక్కపలక అడ్డం పెట్టండి. తల తగలకుండా నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం పగటి పూట. రాత్రి మాత్రమే తలుపు వేస్తే క్రేట్ అంటే శిక్ష అనుకుంటాడు. పగలు తలుపు తెరిచి, వెనక్కి కొట్టుకుని భయపెట్టకుండా దారంతో కట్టేయండి. తిండి గిన్నె మొదట గడప దగ్గర, తర్వాతి పూట కాస్త లోపల, ఆ తర్వాత చివర గోడ దగ్గర. తింటున్నప్పుడు తలుపు చేరవేసి, గిన్నె ఖాళీ అయ్యేలోపు తలుపు తెరిచేయండి. రానురాను తిన్నాక కూడా కాసేపు మూసి ఉంచండి. అల్లరి చేశాడని కోపంతో మాత్రం ఎప్పుడూ అందులో పెట్టకూడదు.

ఇక మీ అత్తయ్యగారు. ఆవిడతో వాదించకండి, ఆవిడకే పని అప్పజెప్పండి. పసిపిల్లల్ని ఉయ్యాల్లో వేసినట్టే ఇదీ అనండి. ఆవిడ కట్టి విడిచిన నూలు చీర ముక్క, ఉతక్కుండా లోపల పరవండి. పీచులు కొరికి మింగుతుంటే తీసేయండి.

సుప్రియ, విశాఖ

వెటర్నరీ క్లినిక్‌లో పనిచేస్తాను. తాతయ్యగారు చెప్పినవాటికి కొన్ని కలుపుతున్నా. క్రేట్‌లో పెట్టేముందు మెడ బెల్టు తీసేయండి, చిరుగంట కట్టిన బెల్టయినా సరే. చువ్వల్లో ఇరుక్కుంటే ఊపిరాడదు. చీకటిగా ఉంటే నిద్రపడుతుందని దుప్పటి కప్పుతారు, ముందువైపు వదిలేయండి. షిట్జూది చప్పిడి ముక్కు, ఉక్క తట్టుకోలేదు. కరెంటు పోతే మొదట దుప్పటి తీయండి.

ఈ వయసులో రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. చిన్న జాతి పిల్లలకు కడుపు ఖాళీగా ఉంటే షుగర్ పడిపోతుంది. వణుకుతూ, తూలుతూ, మబ్బుగా ఉంటే "నిద్రమత్తులే" అనుకోవద్దు. చిగుళ్ళకి కాస్త తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి.

సోఫా కింద నల్ల ఫినాయిల్ వాడకండి, నాకితే విషం. పైగా మామూలు తుడుపుతో మనకు వాసన పోయినా వాడికి పోదు, మళ్ళీ అక్కడే పోస్తాడు. ఉచ్చ వాసనను మూలంతో సహా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది వేసి పూర్తిగా ఆరనివ్వండి.

క్రేట్ లేని ఇల్లు

మా దగ్గర క్రేట్ లేదు, మా మిన్‌పిన్ (చిన్న జాతి కుక్క) బాగానే పెరిగింది. ప్లాస్టిక్ కంచె కట్టి ఒక పక్క పరుపు, ఇంకో పక్క ట్రే పెట్టాం. కంచె దాటడం నేర్చుకున్నాక మాత్రం మా పని అయిపోయింది.

లడ్డు వాళ్ళమ్మ

క్రేట్ బెడ్‌రూమ్‌లోకి వచ్చేసింది, జాలీ నిజంగానే పెట్టెలో ఉంది! రాత్రి రెండుసార్లు లేచాడు, రెండూ ఉచ్చకే. చీర మాత్రం అత్తయ్యగారు మంచిదే ఇచ్చారు, వద్దన్నా వినలేదు. ఇంకో సందేహం. వచ్చే వారం నుంచి నాకు ఆఫీసు, అత్తయ్యగారు మధ్యాహ్నం మూడు గంటలు గుడికి, బంధువులకి వెళ్తారు. అప్పుడు క్రేట్‌లో మూసేయొచ్చా? కిందికి పార్కుకి ఎప్పటినుంచి దింపొచ్చు?

బెజవాడ తాతయ్య

మూడు గంటలు మూయకండి. పైన చెప్పిన కంచె ఇక్కడ పనికొస్తుంది. క్రేట్ తలుపు తీసి కంచె లోపల పెట్టండి, దూరంగా ఆ చివర ప్యాడ్. కానీ ఆఫీసు మొదలయ్యే రోజే మొదటిసారి వదిలేయొద్దు. ఇప్పటినుంచే చెత్త పారేసి వచ్చేంతసేపు, పాల ప్యాకెట్ తెచ్చేంతసేపు బయటికెళ్ళి రండి. వెళ్ళేటప్పుడు "టాటా నాన్నా" అని సాగదీయకండి.

సుప్రియ, విశాఖ

పార్కు ఇప్పుడే వద్దు. కుక్కపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాల వరుస 16 వారాల వయసు దాకా సాగుతుంది, చివరిది వేశాక ఎప్పుడు దింపాలో మీ డాక్టర్ చెబుతారు. అప్పటిదాకా చంకనేసుకుని కిందికి తీసుకెళ్ళండి. స్కూటర్లు, కుక్కర్ విజిల్, వాచ్‌మన్ పిల్లలు, అన్నీ పైనుంచే చూడనివ్వండి. కింది ఫ్లాట్ ఆంటీకి కూడా ఓసారి చూపించండి.