ఆరాధనలో కూర్చుంటున్నాను, ఆదరణ మాత్రం కలగడం లేదు

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ వందనాలు. నేను గుణుపురంలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా తాతగారి కుటుంబం సరిహద్దుకు ఈవైపున ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండల నుంచి సంతకు దిగి వచ్చే వారితో నాలుగు సవర మాటలు, ఇలా మా రోజులు గడుస్తాయి. మూడు తరాలుగా మాది క్రీస్తును నమ్ముకున్న ఇల్లు.

పదకొండు నెలల క్రితం నా భార్య క్యాన్సర్‌తో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. అంతకుముందు ఏడాదిన్నర పాటు నెలకు రెండుసార్లు విశాఖ ప్యాసింజరు ఎక్కి వైద్యానికి వెళ్లి వచ్చాము. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఆదరణ కూడికకు వచ్చిన వారిలో చాలామంది, ఆమె ఇప్పుడు బాధ లేని చోట ఉంది గనుక నేను ఏడవకూడదనీ, నిలబడి సంతోషంగా సాక్ష్యం చెప్పాలనీ అన్నారు. నేను చెప్పాను కూడా. ఒక పెద్దాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, మీ విశ్వాసం చాలకనే ఆ ప్రార్థనలు ఫలించలేదని అన్నారు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంది.

ఆదివారం మందిరంలో కూర్చుంటాను, అందరూ పాడుతుంటే నా పెదవులు కూడా కదులుతాయి, కానీ లోపల ఏమీ కదలదు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఒడియా మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. వాళ్లమ్మ బైబిలు అరలో అలాగే ఉంది. చాలా చోట్ల ఎర్ర సిరాతో కింద గీతలు గీసుకుంది, కీర్తనల మధ్య ఒక పాత రైలు టిక్కెట్టు పెట్టుకుంది. అమ్మ ఏ మాటల కింద గీతలు గీసిందో చదివి చెప్పమని పిల్ల అడిగిన ప్రతిసారీ రేపు చదువుదామని చెప్పి తప్పించుకుంటున్నాను.

దేవుడు ఆదరణ ఇస్తాడన్నది నిజమైతే అది నాకు ఎందుకు రావడం లేదు? ఆనందించలేకపోవడం పాపమా? కొట్టు తెరవడం, కట్టేయడం తప్ప నేను దేనికోసం బతుకుతున్నట్టు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పర్లాకిమిడి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఆ పెద్దాయన మాట సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ ముల్లు తీయకుండా మిగిలినవి చెప్పి ప్రయోజనం లేదు. గెత్సేమనే తోటలో యేసుప్రభువు ఈ గిన్నె, అంటే తాను పడబోయే శ్రమ, నా నుండి తొలగిపోవాలని ప్రార్థించారు, అది తొలగిపోలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు మాత్రమే వచ్చింది. వీరిద్దరి విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా? అనలేనప్పుడు, నెలకు రెండుసార్లు రోగిని రైలెక్కించి, రాత్రులు మేల్కొని కనిపెట్టుకున్న భర్త విశ్వాసాన్ని తూకం వేసే అధికారం ఎవరికీ లేదు. ఆ మాట ఆయన అన్నది, దేవుడన్నది కాదు.

ఇక ఆదరణ అనే మాట. నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని గనుక కాస్త చాదస్తంగా చెబితే ఓర్చుకోండి. మన భాషలో ఆదరించడం అంటే గుండెలో కలిగే ఒక హాయి కాదు, అది ఒక పని. వాకిట్లోకి వచ్చిన వాడిని లోపలికి పిలిచి, పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టడాన్ని మనం ఆదరించడం అంటాము. బైబిలును తెలుగు చేసినవారు ఈ మాటనే ఎంచుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది, ఎందుకంటే మూలంలో ఉన్న గ్రీకు మాటకు కూడా పక్కకు పిలుచుకోవడం, పక్కన నిలవడం అనే భావమే ఉంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో మూడు నుంచి ఏడు వరకు ఉన్న అయిదు వచనాల్లోనే ఆ మాట పదిసార్లు వస్తుంది. అక్కడ పౌలు చెప్పేది ఏమిటంటే, దేవుడు మమ్మల్ని ఆదరించింది మేము ఇతరులను ఆదరించగలిగేందుకే అని. అంటే ఆదరణకు, మీరు అడిగిన జీవిత ప్రయోజనానికి మధ్య గోడ లేదు. ఒకరి చేతి మీదుగా మనకు అందినది మన చేతి మీదుగా ఇంకొకరికి వెళ్లాలి, అదే దాని నడక.

మీకు అది రాలేదని మీరు అనుకుంటున్నారు. మీరు సాక్ష్యం చెబుతున్నప్పుడు ఇంటి వెనక పొయ్యి రాజేసి వంట చేసినవారెవరు, మొదటి వారం రోజులు కొట్టు చూసినవారెవరు, ఒకసారి గుర్తు చేసుకోండి. అప్పుడు దేవుడు ఏ చేతులతో వచ్చాడో బహుశా కనిపిస్తుంది.

ఏడవకూడదన్నవారికి నలభై రెండవ కీర్తన చూపించండి. రాత్రింబగళ్లు నా కన్నీళ్లే నాకు అన్నపానాలయ్యాయని భక్తుడు చెప్పుకుంటాడు. తన ప్రాణాన్ని తానే, ఎందుకు కుంగిపోయావని అడుగుతాడు, దేవునిలో నిరీక్షణ ఉంచమని తానే జవాబు చెప్పుకుంటాడు, అయినా మనసు కుదుటపడక అదే అధ్యాయం చివర మళ్లీ అడుగుతాడు, తరువాతి కీర్తనలో మూడోసారి కూడా అడుగుతాడు. ఎనభై ఎనిమిదవ కీర్తనైతే చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా అది ప్రార్థనే గనుక గ్రంథంలో నిలిచింది. మీరు మాటల్లేకుండా మందిరంలో కూర్చోవడాన్ని కూడా నేను ప్రార్థన కిందే లెక్కిస్తాను.

జవాబు 2 (బిస్సమ్‌కటక్ దగ్గరి పల్లె, నర్సు)

వందనాలు అన్నయ్యా. మాష్టారు గారు చెప్పినంత లోతుగా నాకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా రోగుల మధ్య ఉన్నదాన్ని గనుక నేను చూసింది చెబుతాను.

రాజులు మొదటి గ్రంథం పందొమ్మిదవ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ని అడుగుతాడు. నేను ఆ భాగాన్ని నర్సు కళ్లతో చదువుతాను. దేవదూత వచ్చి బోధ చేయలేదు, గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డిలో నీళ్లు పెట్టి, తట్టి లేపి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి, దూరం ప్రయాణం ఉంది, తినమనే అన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తరువాత, చాలా రోజుల నడక అయ్యాక. కాబట్టి అడుగుతున్నాను, రాత్రి అన్నం తింటున్నారా? నిద్ర పడుతోందా? ఈ రెండూ ఆత్మీయమైన ప్రశ్నలు కావని అనుకోకండి.

ఒకసారి మా వార్డులో కోందు గిరిజన తల్లి ఒకామె, జ్వరంతో బిడ్డ పోయాక ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఆమె కువి భాష రాదు, ఆమెకు నా ఒడియా సరిగా రాదు. ఏం చేయాలో తెలియక గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆమె పాదాలు కడిగాను. వేళ్ల సందుల్లో ఎండిన ఎర్రమట్టి కరిగి గిన్నెలోకి దిగుతుంటే ఆమె మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉన్నంతవరకు మంచి స్నేహితులే, నోరు తెరిచాకే తప్పులు మొదలయ్యాయి. చనిపోయిన తన స్నేహితుడు లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా, సమాధికి వెళ్లే ముందు యేసు కన్నీళ్లు విడిచారు. మీ చుట్టూ ఉన్నవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

బిస్సమ్‌కటక్‌లో 1954లో ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ లిస్ మాడ్సెన్ డెన్మార్క్ నుంచి వచ్చారు. జీవితానికి ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడిగినప్పుడు నాకు ఆమె గుర్తుకు వస్తారు. ఆమె పని పెద్దదే, అయినా అందులో ఏ రోజు చూసినా ఒక రోగి, ఒక మంచం, ఒక కట్టు మాత్రమే ఉండి ఉంటాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బతకాలని లేదనే ఆలోచన వస్తున్నా, వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోయినా వైద్యుడిని కలవండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. మందు తీసుకోవడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడేనని బైబిలే చెబుతోంది.

జవాబు 3 (రాయగడ, రైల్వే ఉద్యోగి)

అన్నయ్యా, పై ఇద్దరి మాటలతో నాకు ఏకీభావమే. ఒక్కచోట మాత్రం ఇంకొంచెం చెప్పాలనిపిస్తోంది. దుఃఖానికి చోటు ఇవ్వాలి, నిజమే, కానీ ఆనందాన్ని మనసు బాగుపడ్డాక చేసుకునే పండుగగా వాయిదా వేయకూడదని నా అనుభవం. ఎల్లప్పుడూ ఆనందించండి అని ఫిలిప్పీయులకు రాసిన పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. అదే పత్రికలో తన స్నేహితుడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యాడనీ, అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదనీ దాచకుండా రాశాడు. ఆ రెండు మాటలూ ఒకే మనిషివి, ఒకే కాగితం మీదివి. కాబట్టి ఆనందించమంటే ఏడుపు ఆపమని అర్థం కాదు, ఏడుస్తూ కూడా ప్రభువు పక్కనుంచి లేచిపోవద్దని అర్థం అని నేను తీసుకుంటాను.

మా తమ్ముడు ప్రమాదంలో పోయాక నేను రెండేళ్లు మందిరానికి వెళ్లలేదు. పాటలు వినబడితే ఒళ్లు మండేది. ఒక శనివారం సాయంత్రం మందిరం ముందు నుంచి వెళుతుంటే చాపలు దులుపుతున్న ముసలమ్మ ఒకామె నన్ను ఆపి, ఇంకో చివర పట్టుకో బాబూ, నా ఒక్కదాని వల్ల కావడం లేదు అంది. ఎందుకు రావడం లేదని ఆమె అడగలేదు. చాప చివర పట్టుకున్నాను, దుమ్ము లేచింది, ఇద్దరమూ దగ్గాము, ఆమె నవ్వింది. మరుసటి శనివారం ఆమె కోసమే వెళ్లాను. ఆమె పోయి నాలుగేళ్లయింది, శనివారం చాపలు ఇప్పుడు నేనే దులుపుతున్నాను. ఆరాధనలో నాకు మొదట తిరిగి వచ్చింది పాట కాదు, ఆ పని. పాట చాలా నెలల తరువాత, నేను గమనించకుండానే వచ్చింది.

మీ ఇంట్లో ఒక పిల్ల పదకొండు నెలలుగా చాప రెండో చివర పట్టుకుని నిలబడి ఉంది. బైబిలు తెరవండి అన్నయ్యా. మీకు ధైర్యం వచ్చాక కాదు, ఆమె అడిగింది కాబట్టి.

జవాబు 4 (బరంపురం)

నేను కూడా భర్తను పోగొట్టుకున్నదాన్నే, ఆరేళ్లయింది. మొదటి వర్ధంతి దగ్గరపడేకొద్దీ బరువు పెరుగుతుంది, అది మీరు వెనక్కి జారడం కాదు. ఆ రోజున ఇంట్లో ఒంటరిగా ఉండకండి, ఎవరో ఒకరిని భోజనానికి పిలవండి. మీ కోసం, పాప కోసం ఈ రోజు నుంచి ప్రార్థిస్తాను.

ప్రశ్న అడిగిన వ్యక్తి (గుణుపురం)

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మొదటి వారం కొట్టు చూసింది ఎదురింటి ఒడియా కుటుంబం. వారు మా సంఘంవారు కారు. మాష్టారు గారు అడిగేదాకా ఆ సంగతి నేను పట్టించుకోలేదు. నిన్న వెళ్లి వారికి కృతజ్ఞత చెప్పి వచ్చాను, వర్ధంతి రోజు భోజనానికి కూడా పిలిచాను. నర్సు చెల్లెమ్మా, నిద్ర సరిగా పట్టడం లేదు, సోమవారం డాక్టరును కలుస్తున్నాను.

బైబిలు తెరిచాను. రైలు టిక్కెట్టు నలభై రెండవ కీర్తన దగ్గరే ఉంది. అయిదవ వచనం కింద రెండు గీతలు ఉన్నాయి, పక్కన తారీకు ఉంది, మేము రెండోసారి విశాఖ వెళ్లిన రోజు. నేను చదివి వినిపించబోతే పాప ఒప్పుకోలేదు, అక్షరాలు నేర్పితే తానే చదువుతానంది. రోజూ కొట్టు కట్టేశాక అరగంట కూర్చుంటున్నాము. తెలుగు సున్నా ఆమెకు ఒడియా ఠ లాగా కనిపిస్తుంది, అందుకని క్రుంగియున్నావు అనే మాట దగ్గర ప్రతిసారీ క్రుఠగి అని ఆగిపోతుంది, ఇద్దరమూ నవ్వుతాము. పదో రోజుకు వచనమంతా తడబడకుండా చదివింది. తరువాత ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి, అమ్మ కూడా ఇలాగే తనను తాను అడుగుతూ ఉండేదా అంది. అవునన్నాను. నాకు ఏడుపు వచ్చింది, ఈసారి ఆమె ముందు దాచుకోలేదు.

నిన్న ఆరో వచనం మొదలుపెట్టాము. అందులో యొర్దాను ప్రదేశం, హెర్మోను పర్వతం, మిసారు కొండ అని ఉన్నాయి. మిసారు కొండ ఎక్కడుంది నాన్నా, మన వంశధార అవతల కనిపించే కొండలంత ఉంటుందా అని అడిగింది. నాకు తెలియదు, మాష్టారు గారిని అడుగుతానని మాట ఇచ్చాను. వీలు చూసుకుని రాయండి మాష్టారూ, ఆమె రోజూ అడుగుతోంది.