కోవెలలో లెక్కలు అడిగినందుకు కేసు పెడతారా?

వంశధార ఒడ్డు:
మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. శివాలయంలో ధ్వజస్తంభానికని రెండేళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి చందాలు ఎత్తారు. నేనూ 5,000 ఇచ్చాను. స్తంభం లేదు, లెక్కా లేదు. మొన్న కార్తీకం ఆఖరి సోమవారం భజన అయిపోయాక, పులిహోర పంచుతుండగా మైకు అందుకుని "ఆ డబ్బు ఏమైందో అందరి ముందూ చెప్పండి" అన్నాను. పెద్ద గొడవైంది. పూజకి అడ్డుపడ్డానని స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తారట, లోపలేయిస్తారట. మా ఆవిడకి రెండు రోజులుగా నిద్ర లేదు. అలాంటి సెక్షన్ నిజంగా ఉందా? అడగడం కూడా నేరమేనా?

కోర్టు వీధి:
సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో 296. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 300. చట్టబద్ధంగా పూజో ప్రార్థనో చేసుకుంటున్న జనానికి కావాలని ఆటంకం కలిగిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గుడికైనా చర్చికైనా మసీదుకైనా ఒకటే.

అడగడం నేరం కాదు. ఈ సెక్షన్ మీరేం మాట్లాడారన్నది చూడదు, మీరు కావాలని పూజకు అడ్డుపడ్డారా లేదా అన్నదే చూస్తుంది. హారతి మధ్యలో మైకు లాక్కుని దేవుడి పేరు అరిచినా ఇబ్బందే. పూజ ముగిశాక కమిటీని గట్టిగా నిలదీస్తే ఈ సెక్షన్ కిందికి రాదు. అందుకే అడుగుతున్నాను, మీరు మాట్లాడేటప్పటికి మంగళం పాడేశారా? మైకు ఎవరి చేతిలోంచి తీసుకున్నారు?

వంశధార ఒడ్డు:
మైకు స్టాండుదే తీశానండి, ఎవరి చేతిలోంచీ లాక్కోలేదు. హారతి పళ్ళెం అందరి దగ్గరికీ తిరిగిపోయింది. నా చేతిలో అప్పటికే పులిహోర విస్తరి ఉంది. కానీ నిజం చెప్పాలి, ఇద్దరు ముసలోళ్ళు ఓ మూల తాళాలు వాయిస్తూ ఇంకా మంగళహారతి పాడుతున్నారు. నేను మైకులో మాట్లాడేసరికి వాళ్ళు ఆపేశారు.

కోర్టు వీధి:
ఆ ఇద్దరే మీకు ఇబ్బంది. అవతలివాళ్ళు సరైన ప్లీడరును పెట్టుకుంటే అక్కడే పట్టుకుంటాడు. అయినా పులిహోర పంచడం మొదలైందంటే పూజ ముగిసిందనే మీరు అనుకున్నారు, ఆ మాట చెప్పుకోవచ్చు.

టెన్షన్ పడకండి. ఇది బెయిలబుల్, స్టేషన్‌లోనే బెయిలు ఇవ్వాలి. ఏడాది శిక్ష ఉన్న కేసులో మామూలుగా అరెస్టు చేయరు, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు. నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్ళండి.

జీడితోట:
నాకు అర్థంకానిది ఒకటి. గుడి డబ్బు సంగతి గుడిలో కాక ఎక్కడ అడుగుతాడండీ? మాట్లాడే హక్కు అంటారే, అది కోవెల గుమ్మం దాకానేనా?

కోర్టు వీధి:
గుమ్మం లోపలా ఉంది. కానీ రాజ్యాంగంలో 19(1)(ఎ) కింద మాట్లాడే హక్కుకు 19(2)లో హద్దులున్నాయి, శాంతిభద్రతలు వాటిలో ఒకటి. ఎదుటివాడికి 25వ అధికరణం కింద పూజ చేసుకునే హక్కూ ఉంది. మతాన్ని కించపరిచే మాటల సెక్షన్ (పాత 295ఎ, ఇప్పుడు 299) రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1957లో రాంజీలాల్ మోదీ కేసులో చెప్పింది. దాంట్లో దురుద్దేశం రుజువు కావాలి, శిక్ష మూడేళ్ళ దాకా. లెక్కలు అడిగినవాడి మీద అది పెడితే నిలవదు.

నాకు నచ్చనిదల్లా ఈ సెక్షన్లు చూపించి నోరు మూయించడం. కమిటీ పెద్దలు దేవుడి చాటున దాక్కుంటారు.

గుడివాకిలి:
అయినా బాబూ, కార్తీక సోమవారం నాడు మైకులో అడగాలా? మా ఊళ్ళో అయితే మర్నాడు రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి అడిగేవాళ్ళం.

సముద్రపుగాలి:
ఇక్కడే నాదీ అడుగుతాను. ఆదివారం మా చర్చిలో ప్రార్థన అవుతుంటే ఎదురింట్లో పెళ్ళి డీజే. ఇదీ 300 కిందికి వస్తుందా?

కోర్టు వీధి:
వాళ్ళది పెళ్ళి, మిమ్మల్ని ఆపాలని కాదు. ముందు వెళ్ళి మర్యాదగా చెప్పండి. చెప్పాక కూడా, తెలిసి తెలిసి సౌండు పెంచితే అప్పుడు కథ వేరు. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. అది మీ చర్చి మైకుకీ వర్తిస్తుంది సుమా. ఇతరుల ప్రశాంతత పాడుచేసి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో అన్నది ఒక చర్చి కేసులోనే.

వంశధార గారూ, మీ గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఊరి కమిటీదే అయితే అది రిజిస్టరైన సొసైటీయో కాదో కనుక్కోండి. చందా రసీదు ఉందా?

వంశధార ఒడ్డు:
ఉందండి. బియ్యం డబ్బాలో దాచాం, అంకె కనిపిస్తోంది, సంతకం మాత్రం చెరిగిపోయింది. పొద్దున్నే ఆ ముసలోళ్ళిద్దరి ఇళ్ళకీ వెళ్ళి క్షమించమన్నాను. ఒకాయన "పాట ఆగిందని నాకేటి కోపం, నానూ చందా ఇచ్చాను కదా" అన్నాడు. ఆయన రసీదు కూడా తీసుకుని రేపు వెళ్తాను.