అప్‌డేట్: మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణ, చివర్లో వంగిపోతున్న గ్రాఫ్

గుర్తుండకపోవచ్చు కాబట్టి మళ్లీ చెప్తున్నా: 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మిథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను జలవిశ్లేషణ (నీటితో విడగొట్టడం) చేస్తుంటే, మొదటి రీడింగులకు k (చర్య వేగ స్థిరాంకం) ఒకేలా వచ్చి, తర్వాత పోనుపోను పెరుగుతోందని అడిగాను. టైట్రేషన్‌కు వాడే క్షారం గాఢత చూడమని ఎక్కువమంది అన్నారు. అదేం కాదు. V∞ని, అంటే చర్య పూర్తయ్యాక టైట్రేషన్‌లో పట్టే క్షారం ఘనపరిమాణాన్ని, అనుమానించమన్న ఒక్కరి మాటే నిజమైంది.

మా ల్యాబ్‌లో అనంత రీడింగు (V∞) కోసం మిగిలిన మిశ్రమాన్ని మూత లేకుండా వేడిచేయడం ఆనవాయితీ. ఈ ఎస్టర్ మరిగేది దాదాపు 57 డిగ్రీల దగ్గరే! చర్య పూర్తయ్యేలోపే కొంత ఆవిరైపోతుంది, V∞ తక్కువొస్తుంది. మొదట్లో ఆ తేడా కనిపించదు. చివరికొచ్చేసరికి V∞ − Vt (Vt అంటే t సమయంలో పట్టిన క్షారం) చాలా చిన్నదవుతుంది కాబట్టి, అర మిల్లీలీటరు తేడా కూడా గ్రాఫ్‌లో వేసే దాని లాగరిథమ్‌ను ఎక్కడికో లాక్కెళ్తుంది. ఈసారి ఫ్లాస్కుకు గట్టిగా బిరడా పెట్టి రెండ్రోజులు వదిలేశాను. గ్రాఫ్ వంగకుండా సరళరేఖగా వచ్చింది.

రసాయన శాస్త్రవేత్త గుగెన్‌హైమ్ 1926లో చెప్పిన పద్ధతి కూడా వేసి చూశాను. స్థిరమైన వ్యవధి తేడాతో తీసిన రెండు వరుసల రీడింగులుంటే V∞ అవసరమే రాదు. కాకపోతే ఆ వ్యవధి కనీసం రెండు అర్ధాయుష్షులైనా (ఒక అర్ధాయుష్షు అంటే ఉన్న ఎస్టర్‌లో సగం చర్య జరిపే సమయం) ఉండాలి, ఓపిక కావాలి. రెండు k విలువలూ దగ్గరగానే ఉన్నాయి.

టైట్రేషన్ చివర్లో వచ్చిన గులాబీరంగు మాయమవడం గురించి అడిగినవాళ్లకు: క్షారం మిగిలిన ఎస్టర్‌నూ తినేస్తుంది. నమూనాను మంచునీళ్లలో పోసి, కొన్ని సెకన్లు నిలిచిన మొదటి రంగు దగ్గరే ఆపేయండి.