కాళహస్తి కలంకారీ పటం వేయించుకోవాలి, చిత్రకారుడితో ఎలా మాట్లాడాలి?

కొత్తింటి గోడ:
హాల్లో సోఫా వెనక గోడకి కలంకారీ పటం వేయించాలనుకుంటున్నాం. పెడన అచ్చులది కాదు, శ్రీకాళహస్తిలో కలంతో వేసేది. శ్రీరామ పట్టాభిషేకం, పైన ఒక వరుస తెలుగు అక్షరాలు, కింద మూలలో మా అమ్మానాన్నల పేర్లు. ఒక చిత్రకారుడి నంబరు దొరికింది. మొదటి మెసేజ్‌లో ఏమేం రాయాలి? మధ్యలో నచ్చకపోతే ఎన్నిసార్లు మార్చమనొచ్చు? బేరం ఆడితే నొచ్చుకుంటారా? సోఫా నెమలికంఠం రంగు, పటం దానికి కలవాలి.

కసిమి కుండ:
గొడవలన్నీ మార్పుల దగ్గరే వస్తాయి కాబట్టి ముందు అదే చెబుతాను. ఎన్నిసార్లు అన్నది కాదండీ, ఎప్పుడు అన్నదే లెక్క.

గుడ్డని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో నానబెట్టి ఆరేస్తారు. దాని మీద చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఆ గీత దులిపితే పోతుంది. ఆ తర్వాత కలంతో కసిమి పెడతారు. పాత ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లవి. కరక్కాయ వగరు తగలగానే గుడ్డలోనే నల్లబడిపోతుంది. ఇక చెరపడమంటూ లేదు. అప్పుడు ‘రాముడి చెయ్యి కాస్త పైకి ఉంటే బాగుండు’ అన్నారంటే కొత్త గుడ్డ తీయమన్నట్టే.

కాబట్టి బొగ్గు గీతలప్పుడు ఫోటో పంపమని మొదటిరోజే అడిగి పెట్టుకోండి. ఫోటో వచ్చాక ఇంట్లో అందరూ చూసి, ఆ రోజో మర్నాడో ఒకే మెసేజ్‌లో అన్నీ చెప్పేయండి. పొద్దున మీరు, సాయంత్రం మీ ఆవిడ, రాత్రి మీ బావగారు విడివిడిగా చెబితే ఆయన ఎవరి మాట వినాలి? ‘ఏదో వెలితిగా ఉందండీ’ అన్నా ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఇలా రాయండి:

‘హనుమంతుణ్ణి రాముడి పాదాల దగ్గరికి జరపగలరా? గొడుగు పై అంచుకి తగులుతోంది, రెండు వేళ్లు దించితే చాలు. మిగతాదంతా బాగా కుదిరింది. ఈ రెండూ సరిచేశాక కసిమి పెట్టేయండి.’

ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. సరేననే మాట రాక పని ఆగిపోయేది చాలా చోట్ల.

రంగుల ఎంపిక కూడా అప్పుడే తేల్చుకోండి. పటిక పెట్టిన చోట ఎరుపు ఎక్కుతుంది. ఎర్ర రంగులో ఉడకబెట్టాక ఆ చోటుని నీలం చేయమంటే కుదరదు. నెమలికంఠం అన్నారు కదా, చెట్టూచేమా రంగులకి షేడ్ కార్డు ఉండదు. ఫోన్‌లో ఫోటో పంపి ‘ఇదే రంగు రావాలి’ అనకండి, మీ ఫోన్‌లో ఒకలా, ఆయన ఫోన్‌లో ఒకలా కనిపిస్తుంది. సోఫా గుడ్డ ముక్క కవర్లో పంపి, ‘దీని పక్కన నప్పేలా నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ వేయండి’ అని ఆయన చేతికి వదిలేయండి.

చింతబొగ్గు:
మొదటి మెసేజ్ నమూనా, అంకెలు మీవి పెట్టుకోండి:

‘నమస్కారమండీ. కలంకారీ పటం ఒకటి వేయించుకోవాలని ఉంది. విషయం శ్రీరామ పట్టాభిషేకం, ఒకే ఘట్టం. నిలువు పటం, బొమ్మ కొలత 36 అంగుళాల వెడల్పు, 48 ఎత్తు, ఫ్రేము మడతకి నాలుగు వైపులా రెండేసి అంగుళాల ఖాళీ గుడ్డ. అన్నీ సహజ రంగులే. పైన ఒక వరుస అక్షరాలు. మేం అనుకున్నది ఇంత డబ్బు. మీరు ఒప్పుకుంటే ధర, అడ్వాన్సు, ఎప్పుడు మొదలుపెట్టగలరో చెప్పండి.’

‘రేటెంత?’ అని ఒక్క ముక్క పంపితే సరైన జవాబు రాదు. ఒకే కొలతలో నలుగురు మనుషులున్న పటం వేరు, వానరసేనతో సహా నలభై మందున్న పటం వేరు. బేరానికీ అదే దారి. ‘తగ్గించండి’ అనే బదులు ‘మా దగ్గర ఇంతే ఉంది, ఇందులో ఏం వస్తుంది?’ అనండి. మనుషుల్ని తగ్గిస్తారు, అంచు సన్నం చేస్తారు, పని మాత్రం పలచబడదు. సహజ రంగులేనా అని నిలదీసినట్టు కాకుండా ‘ఏ రంగుకి ఏం వాడతారండీ?’ అని అడగండి, సంతోషంగా చెబుతారు.

ఇంకొకటి, చేతులు రంగులో ఉన్న మనిషి టైపు చేయలేడు. మాట్లాడటానికి ఫోను, కొలతలకీ డబ్బుకీ మెసేజ్. వాయిస్‌లో చెప్పిన కొలత మూడు వారాల తర్వాత ఎవరికీ దొరకదు.

పాత ఫ్రేము:
పై ఇద్దరూ వదిలేసినవి. అక్షరాలు, పేర్లు టైపు చేసి పంపండి, చేతిరాత ఫోటో వద్దు. బొగ్గు గీతల్లోనే ఒత్తులు, దీర్ఘాలు ఒక్కొక్కటీ చూసుకోండి. కసిమి పడ్డాక ‘లక్ష్మి’ని ‘లక్ష్మీ’ చేయడం ఎవరి తరమూ కాదు.

పటం ఫోటోని పెళ్లిపత్రికకో క్యాలెండరుకో వాడే ఉద్దేశం ఉంటే అదీ ముందే చెప్పండి. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. ఈ సంగతి చాలామంది చిత్రకారులకే తెలియదు. అయినా వేసినవారిగా తన పేరు చెప్పుకునే హక్కు, బొమ్మని పాడుచేస్తే అభ్యంతరపెట్టే హక్కు 57వ సెక్షన్ కింద ఆయనకే ఉంటాయి. సంతకం మీద ఫ్రేము పట్టీ పడకుండా చూడండి.

కొత్తింటి గోడ:
అందరికీ థాంక్సండీ. గృహప్రవేశం కార్తీకంలో. ఆలోగా అందుతుందా?

కసిమి కుండ:
అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. ప్రతి దశకీ ఎండ కావాలి. పటిక పెట్టాక పారే నీళ్లలోనే ఉతకాలి, నిలవ నీళ్లలో ముంచితే పటిక పక్కకి పాకి, వద్దన్న చోట కూడా ఎరుపు అంటుకుంటుంది. తొందరపెడితే జరిగేది అదే. వానలకి ముందే పని అయ్యేలా ఇప్పుడే మాట్లాడుకోండి, గృహప్రవేశం తేదీ కాకుండా దానికి నెల ముందు తేదీ చెప్పండి. రోజూ ‘అయిందా?’ అని అడక్కండి, పది రోజులకోసారి ‘పటిక ఉతుకు అయిందాండీ?’ అంటే ఎంత మిగిలిందో ఆ జవాబులోనే తెలుస్తుంది.

పటం వచ్చాక పాల వాసన వస్తుంది, తెల్లగా వదిలిన చోట మీగడ రంగు ఉంటుంది. రెండూ లోపాలు కావు, ఫిర్యాదు చేయకండి. ఉతుకులకీ ఉడుకులకీ గుడ్డ కాస్త కుంచించుకుపోతుంది, అందుకని ఫ్రేము మాత్రం పటం చేతికొచ్చి కొలిచాకే ఆర్డరు ఇవ్వండి.