ఓవర్‌హాలింగ్ తర్వాత తొలి ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రేణువులు: ట్రాక్టరును దమ్ముకు దించవచ్చా?

ప్రశ్న (నర్సంపేట, ట్రాక్టరు యజమాని):
అందరికీ నమస్కారం. మా మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టరు ఇంజిన్‌ను వరంగల్‌లో పూర్తిగా విప్పించి, కొత్త లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు, రింగులు వేయించి, క్రాంక్ షాఫ్టుకు గ్రైండింగ్ (అరగదీత) చేయించి, సన్నబడిన దానికి తగిన అండర్‌సైజు బేరింగులు పెట్టించాము. 50 గంటలు నడిచాక ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్‌ను కోసి చూపించమని నేనే అడిగాను. హ్యాక్సా బ్లేడుతో కోసి చూస్తే కాగితం మడతల్లో వెండి రంగు రేణువులు కనిపించాయి. కొత్త ఇంజిన్‌కు ఇది మామూలేనని షాపువారు అంటున్నారు. ఆయిల్ ప్రెషర్ ఎప్పటిలాగే ఉన్నది, శబ్దంలోనూ తేడా లేదు. నాట్లు దగ్గర పడ్డాయి. బండిని దమ్ముకు దించవచ్చునా?

జవాబు 1 (హనుమకొండ, డీజిల్ మెకానిక్):
కొత్త రింగులు లైనర్ల మీద కుదురుకునేటప్పుడు సన్నని ఇనుప పొడి రావడం సహజమే కాబట్టి షాపువారి మాటను పూర్తిగా కొట్టివేయలేము. అయితే హ్యాక్సాతో కోయడం వల్ల మీ సాక్ష్యమే చెడింది. డబ్బా రజను లోపల రాలితే, అది రంపం నుంచి వచ్చిందో ఇంజిన్ నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. చుట్టూ తిప్పి కోసే ఫిల్టర్ కట్టర్‌తో కోస్తే రజను రాదు. ఇప్పటికైనా కోత అంచుకు దూరంగా ఉన్న మడతలను మాత్రమే కత్తిరించి, శుభ్రమైన పళ్ళెంలో కిరోసిన్ పోసి కడిగి, ఆ కిరోసిన్‌ను తెల్లని గుడ్డలో వడకట్టండి. అయస్కాంతానికి పాలిథీన్ చుట్టి గుడ్డ మీద తిప్పితే ఇనుము అంటుకుంటుంది. తరువాత కవరు తీసేస్తే పొడి దానితోపాటే వచ్చేస్తుంది. అసలు చూడవలసింది అంటుకోకుండా మిగిలినదాన్ని.

జవాబు 2 (కరీంనగర్):
మిగిలినదాన్ని ఆయిల్ జిడ్డు లేకుండా కడిగి, గాజు పాత్రలో కాస్టిక్ సోడా నీళ్ళలో వేయండి. అల్యూమినియం అయితే బుడగలు వస్తాయి, సీసం, తగరం, రాగి అయితే రావు. వచ్చే వాయువు హైడ్రోజన్ కనుక దగ్గర మంట ఉండకూడదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. బుడగలు వచ్చినంత మాత్రాన అది పిస్టన్‌దేనని తేల్చకండి, అల్యూమినియం, తగరం కలిపిన బేరింగులు కూడా ఉంటాయి. నన్నడిగితే ఇంత శ్రమ పడకుండా, కొత్త ఆయిల్‌తో కొన్ని గంటలు తేలిక పని చేయించి, రెండో ఫిల్టర్‌ను దీనితో పోల్చి చూడడమే మేలు.

ప్రశ్న వేసినవారు:
కడిగి చూశాను. చాలావరకు అయస్కాంతానికి అంటుకున్నది. మిగిలినవాటిలో కొన్ని పలుచని పెచ్చులు ఉన్నాయి: ఒకవైపు బూడిద రంగు, రెండోవైపు రాగి రంగు, గోటితో నొక్కితే వంగుతున్నాయి. కాస్టిక్ సోడాలో బుడగలు రాలేదు.

జవాబు 1 (హనుమకొండ, డీజిల్ మెకానిక్):
అయితే రెండో ఫిల్టర్ కోసం ఆగవద్దు. కనెక్టింగ్ రాడ్డు బుష్ ముక్క అయితే రెండువైపులా ఇత్తడి, కంచు రంగులోనే ఉంటుంది. మీరు చెప్పినవి బేరింగు పెచ్చుల్లా ఉన్నాయి: చాలా బేరింగులలో ఉక్కు వీపు మీద రాగి, సీసం పొర, దాని మీద బూడిద రంగు మెత్తని పొర ఉంటాయి. ప్రెషర్ బాగుందన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే బేరింగు సందు బాగా పెరిగే వరకు పంపు ఆ లోటును పూడ్చుతూనే ఉంటుంది. పైగా చల్లని ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు ఆయిల్‌ను ఫిల్టర్ తప్పించి పంపే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడపోయని ఆయిల్ నేరుగా బేరింగులకే వెళుతుంది.

సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి, ముందు రాడ్డు బేరింగులను, ఆపైన క్రాంకును మోసే మెయిన్ బేరింగులను ఒక్కొక్కటిగా విప్పి చూడండి. బేరింగు క్యాపులు (మూతలు) తారుమారు కాకుండా గుర్తులు పెట్టుకోవాలి. ఇంత తొందరగా పెచ్చులూడితే, గ్రైండింగ్ పొడిని క్రాంక్ ఆయిల్ రంధ్రాల్లోంచి సరిగా కడగలేదేమోనని, లేకుంటే సందు మరీ బిగువుగా పెట్టారేమోనని నేను అనుమానిస్తాను. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) మీద గీతలు పడితే కొత్త బేరింగులు వేసి ప్రయోజనం లేదు, మళ్ళీ గ్రైండింగ్ తప్పదు. బిగించే ముందు ఆ రంధ్రాల్లో బ్రష్ దూర్చి కడగమని, పంపు జాలిని కూడా శుభ్రం చేయమని షాపులో దగ్గరుండి చెప్పండి. దమ్ముకు అంతవరకు అద్దె ట్రాక్టరు చూసుకోండి.