ప్రమాదకర వ్యర్థాల నిల్వ గడువును తనిఖీ అధికారులు ఎలా నిర్ధారిస్తారు?

కర్మాగారాల ఆవరణలో ప్రమాదకర వ్యర్థాల నిల్వపై ప్రభుత్వ తనిఖీ ఆచరణలో ఎలా సాగుతుందో అనుభవజ్ఞులెవరైనా వివరించగలరని మనవి. భారతదేశపు 2016 నిబంధనల ప్రకారం ఈ వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచరాదు; అమెరికాలో పెద్ద మొత్తంలో వ్యర్థాలు వెలువరించే సంస్థలకూ గడువు 90 రోజులే, పైగా నింపడం మొదలుపెట్టిన తేదీని ప్రతి డ్రమ్ముపైనా స్పష్టంగా రాయాలి.

నా సందేహమంతా ఆ తేదీ గురించే. పాత లేబుల్ పీకి కొత్తది అంటించినా, ఒక డ్రమ్ములోని రసాయన బురదను మరో డ్రమ్ములోకి మార్చి రోజుల లెక్కను మళ్లీ మొదటికి తెచ్చినా, తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని ఎలా పసిగడతారు? వాడిన ముడిసరుకును, తయారైన సరుకును బట్టి ఎంత వ్యర్థం వెలువడి ఉండాలో లెక్కగట్టి, దాన్ని రవాణా పత్రాలతో సరిచూస్తారా, లేక రిజిస్టరులో అంకెలు కుదిరితే చాలనుకుంటారా? ఉబ్బిన మూతలు, తుప్పుపట్టిన అడుగులు, కాంక్రీటు నేలలో ఇంకిపోయిన మరకలు చూస్తే రిజిస్టరు కన్నా వాటినే నమ్మాలనిపిస్తుంది. అయితే గడువు దాటిందనడానికి అవి చట్టపరంగా రుజువుగా నిలుస్తాయా? ముందస్తు సమాచారం లేకుండా తనిఖీలు చేసినవారి అనుభవం తెలిస్తే మరింత ఉపయోగపడుతుంది.